గుర్రముకై బుఖారా దాక

మన దక్షిణాపథమున యుద్ధమునకు పనికివచ్చు మేలు గుర్రము చాలవరకు సముద్రము దాటి వచ్చినదే. సాళువ నరసింహరాయలు హొర్ముజు, ఏడెను రేవుల గుర్రములకు వర్తకులు అడిగినంత వెల యిచ్చెడివాడనియు, త్రోవలో ఓడమీద చచ్చినదాని తోకను తెచ్చి చూపినను బ్రతికి వచ్చినదానితో సమానముగా సొమ్ము చెల్లించెడివాడనియు పోర్చుగీసు వర్తకుడు నూనిజు వ్రాసినాడు. విజయనగర రాజు ఏటేట 13,000 గుర్రములు కొనెనని కూడ అతడే చెప్పినాడు. అంకెలో అతిశయోక్తి యుండిన నుండవచ్చును. చచ్చిన గుర్రపు తోకకు కూడ వెల కట్టించిన ఆ అక్కర మాత్రము కల్ల కాదు.

ఉత్తరదేశమునకు గుర్రములు నేలదారిన వచ్చెడివి. తుర్కిస్థాను గడ్డిమైదానములలో పెరిగినవానిని అఫ్గను వర్తకులు మందలుగా కాబూలు మీదుగా తోలుకొనివచ్చి హరిద్వారము తిరునాళ్లలోను, గంగ యొడ్డున హాజీపురము సంతలోను అమ్మెడివారు. 18వ శతాబ్దము చివర అఫ్గనుల అంతఃకలహములవలన ఆ రాకపోకలు సన్నగిల్లినవి. సరిగా ఆ దినములలోనే ఈస్టిండియా కంపెనీకి ఆశ్వికదళము అవసరము హెచ్చినది. భీమానది లోయలో పుట్టిన పొట్టి గుర్రములతో మరాఠా రౌతులు దేశమంతయు కలయదిరిగినమాట నిజమే. కాని కంపెనీవారి లెక్క వేరు. బరువైన జీను, పొడవైన కత్తి, దుక్కవంటి ఆంగ్ల రౌతు, ఇంతటి భారమును మోసికొని దౌడు తీయవలెనన్న ఎత్తైన గుర్రము కావలెను. అది సంతలో దొరకనప్పుడు ఇంటనే పుట్టించుకొందమని కంపెనీవారు 1795లో బీహారునందలి పూసా అను ఊర గుర్రపు పెంపకశాలను నెలకొల్పినారు. ఆంగ్లములో దీనిని 'స్టడ్' అందురు.

మేలుజాతి మగగుర్రములను శాలలో నుంచుట, ఆడగుర్రములను చుట్టుపట్ల జమీందారులకును రైతులకును అప్పగించుట, పుట్టిన పిల్లలలో తగినవానిని వెల కట్టి కొనుట, ఇది ఆ శాల నడచిన తీరు. కాగితముమీద చక్కని ఏర్పాటే. కాని పదేండ్లు గడచినను రౌతునకు తగిన గుర్రములు కావలసినన్ని చేతికి రాలేదు. ఖర్చు మాత్రము ఏడాది కేడాది పెరిగినది. లండనులోని కంపెనీ డైరెక్టర్లు ఇక గుర్రము సంగతి తెలిసినవాడొకడు కావలెనని వెదకి పట్టుకొన్న మనిషి విలియం మూర్‌క్రాఫ్ట్.

ఇతడు 1767లో లాంకషైరులోని ఆర్మ్‌స్కర్కులో పుట్టినాడు. లివర్‌పూలులో శస్త్రవైద్యము నేర్చుకొనుచుండగా పశువులకు పెద్ద జాడ్యము వచ్చినది. దానిని పరిశీలించుటకు వెళ్లిన ఈ యువకునకు, మనుష్యుల వైద్యమునకు ఎందరో కలరు గాని పశువుల వైద్యమునకు శాస్త్రము తెలిసినవాడు ఒక్కడును లేడని తోచినది. ఆ కాలమున ఇంగ్లండులో గుర్రపు వైద్యుడనగా లాడములు కొట్టు కమ్మరియే. కాబట్టి మూర్‌క్రాఫ్ట్ ఫ్రాన్సులోని లియాను నగరమునకు పోయి, అక్కడి పశువైద్య విద్యాలయమున చదివినాడు. ఆ విద్య శాస్త్రీయముగా నేర్చిన మొదటి ఆంగ్లేయుడు ఇతడే. చదువు 1790 ప్రాంతమున, అనగా ఫ్రెంచి విప్లవము రగులుచున్న రోజులలో సాగినది. తిరిగివచ్చి లండనులో ఆక్స్‌ఫర్డు వీథిలో వైద్యశాల పెట్టి ధనము బాగుగా గడించినాడు. ఆ ధనమును యంత్రముతో గుర్రపు లాడములు చేయింపవలెనను ప్రయత్నమున బాగుగానే పోగొట్టుకొన్నాడు. కంపెనీ పెద్ద జీతముతో పూసాశాల పెత్తనమును ఇచ్చెదమని పిలిచినప్పుడు అతడు ఒప్పుకొనుటకు ఆ నష్టము కూడ ఒక కారణము. 1808లో, నలుబదియొకటవ ఏట, ఓడ యెక్కినాడు.

పూసాకు వచ్చి చూచునప్పటికి శాల పరిస్థితి సంతోషకరముగా లేదు. అంతవరకు పెత్తనము చేసినవారి దృష్టి అంతయు జాతిమీదనే యుండినది. మంచి తండ్రి, మంచి తల్లి యుండిన మంచి పిల్ల పుట్టునని వారి నమ్మకము. మూర్‌క్రాఫ్ట్ గుర్రము నోటిలోనికి ఏమి పోవుచున్నదో చూచినాడు. లాయములో గాలి ఏపాటిదో, గిట్టల క్రింద నేల తడియో పొడియో చూచినాడు. తాను పుట్టిన దేశములో గుర్రములకు బలమిచ్చు ఓట్లు అను ధాన్యమును పూసా పొలములలో వేయించినాడు. మన దేశమున ఆ పంటను శ్రద్ధతో సాగుచేసినవారిలో అతడు మొదటివాడు. జాతి ఎంత మంచిదైనను మేత లేనిచో తట్టువయే మిగులునని మన పల్లెలలో గుర్రమును మేపిన ఏ ముసలివాడైనను చెప్పగలడు. కాని ఆ మాట కంపెనీ కచేరీలో చెల్లుటకు లియానులో చదివినవాడు రావలసివచ్చినది.

మేత చక్కబడినను జాతి కొరత తీరలేదు. శాలలోని మగగుర్రములు అతనికి నచ్చలేదు. 1811లో లక్నో, కాశీ మొదలైన చోట్లు తిరిగి వెదకినాడు. కోరిన గుర్రము కనిపించలేదు. కనిపించినదెల్ల ఒక పేరు. ఏ వర్తకుని అడిగినను గుర్రమన్న బుఖారా గుర్రమే అని చెప్పినాడు. ఆ నాటినుండి బుఖారా అన్న మాట అతనిని వదలలేదు.

వెంటనే బుఖారాకు పోవుటకు కంపెనీ అనుమతి లేదు. అందువలన అతడు రెండు పనులు చేసినాడు. మొదటిది, మీర్ ఇజ్జతుల్లా అను విద్వాంసుని ముందుగా ఆ దారి చూచి రమ్మని పంపుట. ఇజ్జతుల్లా 1812లో బయలుదేరి కాశ్మీరు, లడఖు, యార్కందు, కాష్గరు, సమర్కందుల మీదుగా బుఖారా చేరి, బాల్కు, కాబూలుల దారిన 1813 చివరకు తిరిగివచ్చినాడు. త్రోవలో మజిలీలు, నీళ్లు, రాజులు, సరకులు అన్నియు పారసీకమున వ్రాసి తెచ్చినాడు. ఐరోపావారు చూడని ఊళ్లను చూచి, క్రమముగా వ్రాసిపెట్టిన ఈ భారతీయుని పేరు మన పాఠ్యపుస్తకములలో కనబడకపోవుట మాకు కష్టముగా తోచుచున్నది.

రెండవది, మూర్‌క్రాఫ్ట్ తానే టిబెట్టునకు పోవుట. ఈ యాత్రలో అతని తోడు హైదర్ హియర్సే. తండ్రి ఆంగ్ల సైనికాధికారి, తల్లి జాటు స్త్రీ. చిన్ననాడే మరాఠా కొలువున చేరి, తరువాత హర్యానాలో రాజ్యమేలిన సాహసికుడు జార్జి థామసు వెంట తిరిగి, తుదకు తన స్వంత రౌతుదళముతో 1803లో కంపెనీ పక్షమునకు వచ్చినవాడు. గుర్రపు వైద్యుడును, గుర్రపు రౌతును గోసాయిల వేషము వేసికొన్నారు. ఒకరి పేరు మాయాపురి, ఇంకొకరి పేరు హరిగిరి. ముఖములకు రంగు పూసికొని, యాత్రికులవలె వర్తకపు మూటలతో 1812 వేసవిలో నీతి కనుమ నెక్కి టిబెట్టులో దిగినారు. వెంట వచ్చిన పండితుడొకడు త్రోవ పొడవునను తన అంగలు లెక్కపెట్టి దూరములు కొలిచినాడు. కొలబద్ద పట్టుకొన్నచో పట్టుబడుదురు. అంగలు లెక్కపెట్టు గోసాయిని ఎవరు అనుమానింతురు?

వారు గర్తోకు చేరి అధికారిని కలిసి, ఆగస్టులో మానససరోవరమును దర్శించినారు. ఆ సరస్సునుండి నదులు పుట్టునని మన పురాణప్రసిద్ధి. మూర్‌క్రాఫ్ట్ ఒడ్డు వెంట నడచి చూచి, నీరు బయటికి పోవు కాలువ ఏదియు తనకు కానరాలేదని వ్రాసినాడు. నీరు నిండిన కొన్ని యేండ్లలో అది ప్రక్కనున్న రాక్షసతాలునకు పొర్లునని తరువాతి యాత్రికులు కనుగొన్నారు. అతడు చూచినదియు నిజమే, వీరు చూచినదియు నిజమే. గుర్రములు మాత్రము అక్కడ లేవు. శాలువల ఉన్ని నిచ్చు మేకలను కొనితెచ్చినాడు. తిరిగి వచ్చునప్పుడు గూర్ఖాలు ఇరువురిని బంధించి కొన్నాళ్లుంచి వదలినారు.

ఈ యాత్రలో ఒక చిన్న విషయము అతని మనస్సున ముల్లువలె నాటుకొన్నది. టిబెట్టులో ఒక చోట ఐరోపా జాతికుక్కలు రెండు అతనిమీదికి ఎగిరి చేతులు నాకి, నేర్పిన విద్యలు చూపినవి. ఇవి యెక్కడివి అని అడుగగా, రష్యా వర్తకులవద్ద కొన్నామని చెప్పినారు. అనగా తనకంటె ముందే రష్యనులు వచ్చినారు! ఆ దినమునుండి గుర్రమునకు వర్తకమును, వర్తకమునకు రాజ్యతంత్రమును అతని ఆలోచనలో ముడిపడినవి. కలకత్తాకు వ్రాసిన ఉత్తరములన్నిటిలోను రష్యా రాకను గూర్చిన హెచ్చరికయే. కలకత్తావారు చదివి ప్రక్కన పెట్టినారు. గుర్రములు పెంచుటకు జీతమిచ్చుచున్న మనిషి రాయబారి పని చేయుచున్నాడని వారి చిరాకు.

తుదకు 1819లో బుఖారా యాత్రకు సెలవు దొరికినది. మూర్‌క్రాఫ్ట్ బరేలీనుండి బయలుదేరినాడు. వెంట జార్జి ట్రెబెక్ అను యువకుడు, గత్రీ అను వైద్యుడు, మీర్ ఇజ్జతుల్లా, గూర్ఖా కావలివారు, కలకత్తా వర్తకుల సరకులు మోయు బారులు. 1820లో లాహోరులో రంజిత్ సింగును చూచినాడు. గుర్రములన్న ప్రాణమిచ్చు ఆ మహారాజు తన మేలు గుర్రములను నడిపించి చూపించి, ముందుకు పోవుటకు అనుమతి ఇచ్చినాడు. కాంగ్డాలో రాజు సంసారచందు తమ్ముడు మరణావస్థలో నుండగా మూర్‌క్రాఫ్ట్ వైద్యము చేసి బ్రతికించినాడు. అక్కడినుండి కుళు, లాహౌలుల మీదుగా సెప్టెంబరులో లడఖు ముఖ్యపట్టణమగు లే చేరినాడు.

అక్కడ ఆగిపోయినాడు. యార్కందునకు పోవుటకు చీనా అధికారుల అనుమతి వచ్చుననుచు రెండేండ్లు వేచినాడు. అది రానే లేదు. ఆ రెండేండ్లు ఊరకుండలేదు. వచ్చినవారి కన్నులలో శుక్లములు తీసినాడు, ఆ నేలలో పెరుగు మేతమొక్కలను పరీక్షించినాడు, శాలువల వర్తకపు లోగుట్టులెల్ల వ్రాసికొన్నాడు. 1822లో కాలినడకన వచ్చిన ఒక నిరుపేద హంగేరీ పండితుడు ఎదురుపడగా, చేతిలోనున్న టిబెట్టు భాషా గ్రంథమును అతనికిచ్చి, ఆ భాష నేర్చుకొమ్మని ధనసహాయము చేసినాడు. ఆ పండితుడే చోమా ద కొరోష్. అతడు కూర్చిన టిబెట్టు నిఘంటువు 1834లో కలకత్తాలో అచ్చైనది. టిబెట్టు భాషా పరిశోధనకు ఐరోపాలో పునాది వేసినది ఆ గ్రంథము.

మంచి పనులలో ఒక పెద్ద తొందరపాటు కూడ నున్నది. తనకు అధికారము లేకున్నను 1821లో లడఖు ప్రభువులతో కంపెనీ తరపున వర్తకపుటొడంబడిక వ్రాసికొన్నాడు. లడఖును ఆంగ్లేయుల నీడకు తీసికొనుడని కలకత్తాకు వ్రాసినాడు. రంజిత్ సింగుతో మైత్రి చెడునని కలకత్తా గడగడలాడినది. ఒడంబడికను త్రోసిపుచ్చినారు, జీతమును నిలిపివేసినారు. తరువాత 1834లో జమ్మూ సేనాని జొరావర్ సింగు లడఖుపై దండెత్తి దానిని లోబరచుకొనుట చరిత్రలోనిది. మూర్‌క్రాఫ్ట్ ముందుచూపు వ్యర్థము కాదని అనువారు దీనిని చూపుదురు. ముందుచూపున్నను లేని అధికారముతో సంతకము చేయుట సబబని మేము అనజాలము.

ఇక్కడ ఒక ప్రశ్న. పూసాలో గుర్రములు, వానిని చూడవలసిన కావలివారు, మేత పొలములు ఉన్నవి. వాని పెత్తనమునకు వచ్చినవాడు ఆరేండ్లు కొండలలో తిరుగవచ్చునా? గుర్రము నెపమే గాని అతని మనస్సు దేశాటనమందే యున్నదని కొందరి వాదము. లే పట్టణమునుండి అతడు వ్రాసినదానిలో శాలువలు, ఉన్ని, రష్యా పేరెత్తినన్ని మారులు గుర్రము పేరెత్తలేదు గనుక ఆ వాదమునకు బలము లేకపోలేదు. శాల అతని లేమివలన నష్టపడినదనుటకు కూడ మేము వెనుదీయము. అయినను అతని తుది నెలలు చూచినచో నెపమన్న మాట నిలువదు.

చీనా దారి మూసికొనగా అతడు వెనుకకు మరలలేదు. కాశ్మీరము దిగి, పెషావరు దాటి, 1824లో కాబూలు చేరి, హిందూకుషు దాటినాడు. కుందుజు ప్రభువు మురాదు బేగు ఆ గుంపును పట్టి, సొమ్ము పిండి, ప్రాణములకే ముప్పు తెచ్చినాడు. మూర్‌క్రాఫ్ట్ మారువేషముతో తాలికాను పారిపోయి, ఆ ఊరి పీర్జాదా కాళ్లు పట్టుకొన్నాడు. ఆ ముస్లిము గురువు శరణాగతుని రక్షించి, బేగు కోపమును చల్లార్చి, అందరిని విడిపించినాడు. 1825 ఫిబ్రవరి 25న బుఖారా కోటద్వారము కనిపించినది. ఆ పేరు విన్నప్పటినుండి పదునాలుగేండ్లు.

కాని బుఖారాలో గుర్రములేవి? అమీరు హైదరు యుద్ధములలో మునిగియున్నాడు. మేలు గుర్రములు సేనలకు పోయినవి. సంతలో దొరికినవి కొద్ది. అమీరు ఆదరించినాడు, సరకులు అమ్ముకొననిచ్చినాడు. మూర్‌క్రాఫ్ట్ దొరికిన గుర్రములను కొని తిరుగుదారి పట్టినాడు. ఇంతటితో తృప్తిపడి ఇల్లు చేరినచో అతనిని తప్పుపట్టువారుండరు. అతడట్లు చేయలేదు. తుర్కుమానుల గుర్రములు దొరకునని విని, తక్కిన గుంపును విడిచి, కొద్దిమందితో ఎడారిదాపున నున్న అంద్ఖోయి అను ఊరికి పోయినాడు. అక్కడ జ్వరము తగిలి 1825 ఆగస్టు 27న మరణించినాడు. ఏబదియెనిమిదేండ్ల మనిషి, ఎండలో, రాజ్యతంత్రము లేని ఊర, గుర్రములకై చనిపోయినాడు. నెపమునకై మనుష్యులు అంత దూరము పోరు.

శవమును ఒంటెమీద బాల్కునకు తెచ్చి పూడ్చినారు. గత్రీ కూడ జ్వరమునకే పోయినాడు. ట్రెబెక్ మిగిలినవారిని ఇల్లు చేర్చవలెనని పెనగి, కొద్దికాలమునకే మజారు పట్టణమున కన్నుమూసినాడు. గుర్రముల మాట యేమో గాని, నమ్మి వెంట వచ్చిన ఈ యువకుల ప్రాణములు మాత్రము మూర్‌క్రాఫ్ట్ లెక్కలోనే వ్రాయవలెను. 1832లో అలెగ్జాండరు బర్న్స్ ఆ దారిన పోవుచు బాల్కులో గోడ నీడను మూర్‌క్రాఫ్ట్ సమాధిని చూచినాడు. పదునాలుగేండ్ల తరువాత లాసాకు పోయిన ఫ్రెంచి మతగురువు హుక్, మూర్‌క్రాఫ్ట్ చావలేదనియు, కాశ్మీరీ వేషముతో లాసాలో పన్నెండేండ్లు కాపురమున్నాడనియు విన్నట్లు వ్రాసినాడు. వినుటకు రంజుగా నున్నది. అంద్ఖోయి మరణమును గూర్చి తోటివారి సాక్ష్యము స్పష్టముగా నుండగా దీనిని నమ్మనవసరము లేదు. అతని కాగితములు చాలచోట్ల చెదరినవి. వానితోపాటు అతని పేరును ఏ సేవకుడో మోసికొని పోయియుండవచ్చును.

దొరికిన కాగితములను విష్ణుపురాణమును ఆంగ్లీకరించిన సంస్కృత పండితుడు హోరేసు విల్సను చక్కదిద్ది 1841లో రెండు సంపుటములుగా వెలువరించినాడు. అప్పటికి మూర్‌క్రాఫ్ట్ చనిపోయి పదునారేండ్లు. రష్యాను గూర్చిన అతని భయము అందరి భయముగా మారియున్నది. కంపెనీ సేనలు అప్పటికే కాబూలులో నున్నవి, అక్కడి ఘోరపరాజయము అంచులలో నున్నవి.

గుర్రముల సంగతి మరొక విధముగా తీరినది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్సునుండి ఓడలలో గుర్రములు రాసాగినవి. వానికి 'వేలరు' గుర్రములని పేరు. మదరాసు రేవున దిగిన ఆ గుర్రములను మన జిల్లాలలో కూడ దొరలు, జమీందారులు ఎక్కి తిరిగినారు. తిరిగి సముద్రముమీది గుర్రమే! పూసాశాల వెలవెలబోయి 19వ శతాబ్ది ఉత్తరార్ధమున మూతపడినది. ఆ భూములు కొన్నాళ్లు పొగాకు సాగునకు పోయినవి.

1905లో ఆ నేలమీదనే కర్జను ప్రభువు వ్యవసాయ పరిశోధనాలయమునకు శంకుస్థాపన చేసినాడు. అమెరికా ధనికుడు హెన్రీ ఫిప్సు ఇచ్చిన 30,000 పౌన్ల విరాళము దానికి తోడైనది. 'ఫిప్సు' పేరులోని మొదటి అక్షరమును 'యు.ఎస్.ఏ.'ను కలిపి పూసా అయినదని చెప్పుకొనువారు నేటికిని కలరు. ముచ్చటగానే యున్నది గాని, ఫిప్సు పుట్టకమునుపే మూర్‌క్రాఫ్ట్ పూసానుండి ఉత్తరములు వ్రాసినాడు. 1934 జనవరి 15 నాటి బీహారు భూకంపమున ఆ పరిశోధనాలయపు మేడ కూలినది. సంస్థను 1936లో ఢిల్లీకి మార్చినారు, ఊరి పేరును కూడ వెంట తీసికొనిపోయినారు. ఆ రోజులలో దానికి డైరెక్టరు, ఆ పదవి నందిన తొలి భారతీయుడు, మన తెలుగువాడగు భాగవతుల విశ్వనాథ్. నేడు మన రైతుల నోట పూసా అన్న మాట వరి, గోధుమ, కూరగాయల విత్తనముల పేరుగానే వినబడుచున్నది.

బీహారులోని అసలు పూసాలో, బూఢీ గండకీ యొడ్డున, ఇప్పుడు రాజేంద్రప్రసాదు పేరుగల వ్యవసాయ విశ్వవిద్యాలయము కలదు. ఓట్లను ఉత్తరదేశపు రైతులు నేడును శీతకాలమున పచ్చిమేతగా వేయుదురు. తినునవి ఆవులును గేదెలును.